ఇరవై ఆరు పసుపు సీసాలు

2008లో నేను నాచారంలో పన్నెండు పడకల నర్సింగ్ హోమ్ ఒకదానిలో హెడ్ సిస్టర్‌ని. హెడ్ అన్నది పేరుకే. మేమున్నదే ముగ్గురు సిస్టర్లం, అందులో ఒకరు ఎప్పుడూ సెలవులో ఉండేవారు. ఆసుపత్రి మల్లాపూర్ పారిశ్రామిక వాడకు తిరిగే దారిలో ఉండేది. పొద్దున ఫస్ట్ షిఫ్ట్‌కు వెళ్లే సైకిళ్లు, సాయంత్రం తిరిగొచ్చే సైకిళ్లు మా కిటికీలోంచి కనిపించేవి. మా పేషెంట్లలో సగం మంది ఆ సైకిళ్లవాళ్లే. నల్గొండ నుంచో, మెదక్ నుంచో, వరంగల్ నుంచో వచ్చి చిన్న చిన్న ఫ్యాక్టరీలలో కుదురుకున్నవాళ్లు.

ఆదివారం మా దగ్గర సీసాల రోజు. ఈ మాట బయటివాళ్లకు అర్థం కాదు కాబట్టి చెబుతాను. వారమంతా నిలబడి పనిచేసి నీరసపడ్డవాళ్లు ఆదివారం పొద్దున తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, "బలానికి సీస పెట్టు సిస్టర్" అని చెయ్యి చాపేవారు. గ్లూకోజ్ సీసాలో ఎమ్‌వీఐ కలిపి నరంలోకి ఎక్కించేవాళ్లం. ఎమ్‌వీఐ అంటే రకరకాల విటమిన్లు కలిసిన ఇంజెక్షన్ మందు. అది పడగానే నీళ్లలా ఉన్న గ్లూకోజ్ పసుపు రంగుకు తిరుగుతుంది. ఎంత చిక్కటి పసుపైతే అంత బలమని వాడలో అందరి నమ్మకం. రంగు కాస్త పలచబడితే చాలు, "ఏంది సిస్టర్, గీసారి మందు తక్కువ పోసినవా?" అని నిలదీసేవారు. బిర్యానీలో ముక్కలు తగ్గాయని హోటలువాణ్ణి అడిగినంత దర్జాగా అడిగేవారు.

నేనేమీ తక్కువ తినలేదు. నా చెయ్యి పడితే నరం తప్పదని నాచారమంతా పేరు. ఎండిపోయిన చేతుల్లో, కాయలు కాసిన చేతుల్లో, ఎక్కడ నరముందో దేవుడికే తెలియాలి అన్నట్టుండే చేతుల్లో కూడా ఒక్క పోటుకు క్యాన్యులా పెట్టేసేదాన్ని. క్యాన్యులా అంటే నరంలో ఉంచే సన్నటి గొట్టం. ఎదురు సందులో ఆర్ఎంపీ ఒకాయన ఉండేవాడు. ఆయన మూడుసార్లు పొడిచి వదిలేసిన మనిషి మా దగ్గరికి వస్తే నాకు లోపల ఎంత సంతోషమో! ఆ సంతోషంలోనే ఏడాది గడిచిపోయింది.

ఆ ఏడాదంతా పదిహేను రోజులకోసారి తప్పకుండా వచ్చినవాడు మల్లేశం. నలభై దాటిన మనిషి, మల్లాపూర్‌లో లేత్ మీద టర్నర్. ఇనుప కడ్డీలను తిప్పుతూ బోల్టులు, పిన్నులు తయారుచేసే పని. మెడలో తులసి పూసలు ఉండేవి. కంఠి వేసుకుని ఏడేళ్లయిందని, అప్పటి నుంచి నీసు ముట్టలేదని, గుడ్డు కూడా తిననని చెప్పేవాడు. అంతకుమించి పెద్దగా మాట్లాడేవాడు కాదు. కిటికీ పక్క మంచం ఎక్కి, నేను సూది పెట్టేలోపు కళ్లు మూసుకునేవాడు. రెండు గంటలు ఫ్యాను కింద నిద్రపోయి లేచి, "మస్తు హాయిగున్నది సిస్టర్" అని వెళ్లిపోయేవాడు. ఆ హాయి సీసాలోంచి వచ్చిందో, వారం మొత్తంలో దొరికిన ఆ రెండు గంటల నిద్రలోంచి వచ్చిందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఒక ఆదివారం సీసా అయిపోయాక అతను లేచి వెళ్లాడు. మంచం కింద ఒక చెప్పు ఉండిపోయింది. గేటు దాకా ఒంటి చెప్పుతోనే నడిచాడు. వెనక నుంచి నేను పిలిచి, "ఏంది మల్లేశన్నా, ఇంకోటి మాకు కానుకనా?" అని పగలబడి నవ్వాను. అతను కాళ్లవైపు చూసుకుని, "ఎర్కనే లేదు సిస్టర్" అన్నాడు. సిమెంటు నేల మీద ఒక పాదం వట్టిగా, ఒక పాదం చెప్పుతో ముప్ఫై అడుగులు నడిచిన మనిషికి ఆ తేడా తెలియకపోవడం ఏమిటని ఏ నర్సుకైనా అనుమానం రావాలి. నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లయినా ఆ నవ్వు గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

ఇంకోసారి చేతి బొటనవేలు తెగి వచ్చాడు. గుడ్డ చుట్టుకుని ఉంది. విప్పితే ఎముక దగ్గరికి దిగిన గాయం. "గింత తెగేదాక ఏం జేసినవ్?" అంటే, "రక్తం కడ్డీ మీద పడ్డంక సూసిన" అన్నాడు. కట్టు కట్టి, టీటీ ఇంజెక్షన్ చేసి, మామూలుగా పసుపు సీసా కూడా పెట్టి పంపించాను.

2009 మొదట్లో మా మీద ఒక పిడుగు పడింది. ప్రైవేటు ఆసుపత్రులన్నీ ప్రభుత్వం దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలన్న నిబంధన అప్పటికే వచ్చింది. ఆ లెక్కన మా ఆసుపత్రిని చూడటానికి ఆరోగ్య శాఖ నుంచి ఒక లేడీ డాక్టరు గారు వస్తున్నారని తెలిసింది. వారం రోజులు హడావుడి పడ్డాం. గోడలకు రంగు వేయించాం. వ్యర్థాలకు రంగురంగుల డబ్బాలు తెచ్చాం. ఆక్సిజన్ సిలిండర్‌ను తుడిచి తుడిచి అద్దంలా చేశాను. ఆవిడ వాటన్నిటినీ ఒక చూపు చూసి, కుర్చీలో కూర్చుని ఐవీ రిజిస్టర్ అడిగారు. నరంలోకి ఎక్కించిన ప్రతి సీసానూ మేం రాసే పుస్తకం అది.

"ఈ విటమిన్ సీసాలు ఎవరు రాస్తారు సిస్టర్?"

"డాక్టరు గారు మేడమ్."

"ఎక్కడ రాశారు? చూపించండి."

ఎక్కడా రాయలేదు. నోటితో చెప్పేవారని అన్నాను. నిజానికి నోటితో కూడా చెప్పేవారు కాదు. ఆదివారం కాబట్టి పెట్టేవాళ్లం.

"విటమినే కదా అనుకుంటున్నారు. నరంలోకి వెళ్లేది ఏదైనా మందే. ఇలాంటి సీసా మొదలుపెట్టిన రెండు నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేచి బీపీ పడిపోయిన మనిషిని నేను చూశాను. మీ ఎమర్జెన్సీ ట్రే ఎక్కడుంది?"

ఎమర్జెన్సీ ట్రే అంటే అలాంటి ప్రమాదంలో వెంటనే ఇవ్వాల్సిన మందులు సర్దిన పళ్లెం. "స్టోర్ రూమ్‌లో ఉంది మేడమ్, తాళం వేసి."

"తాళం చెవి?"

"సెలవులో ఉన్న సిస్టర్ దగ్గర."

ఆవిడ తల వంచుకుని కాసేపు పేజీలు తిప్పారు. నవ్వు ఆపుకుంటున్నారో, కోపం ఆపుకుంటున్నారో తెలియలేదు. తర్వాత ఒక పేరు మీద వేలు పెట్టారు. "ఈ మల్లేశం ఎవరు? పదిహేను రోజులకోసారి ఉన్నాడు. ఇరవై ఆరుసార్లు లెక్కపెట్టాను. ఏం జబ్బు?"

"నీరసం మేడమ్."

"నీరసం ఎందుకు?"

పక్కనే నిలబడ్డ మా డాక్టరు గారి వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూశారు. ఆవిడ అరవలేదు, బెదిరించలేదు. ఇకపై ప్రతి సీసాకూ డాక్టరు తన చేత్తో ఆర్డరు రాయాలని, అందులో ఇండికేషన్ ఉండాలని, ఉత్త 'నీరసం' అని రాస్తే ఒప్పుకోనని కాగితం మీద రాసిచ్చారు. ఇండికేషన్ అంటే ఈ మందు ఈ మనిషికి ఎందుకు ఇస్తున్నామన్న కారణం. అది సరిచేసుకున్నాకే రిజిస్ట్రేషన్ సంగతి చూస్తామని చెప్పి వెళ్లిపోయారు.

ఆవిడ జీపు మలుపు తిరిగిందో లేదో నేను తిట్లు మొదలుపెట్టాను. ఏసీ గదుల్లో కూర్చునేవాళ్లకు ఆదివారం రద్దీ ఏం తెలుస్తుంది, ఒక్కొక్కరికీ కారణం రాస్తూ కూర్చుంటే సీసాలు ఎప్పుడు పెట్టాలి అని. మా డాక్టరు గారిది గుంటూరు వైపు. పెద్ద వయసు, నెమ్మదస్తుడు. ఆయన మాత్రం స్కేలు తీసుకుని రిజిస్టర్‌లో కొత్త గడి ఒకటి గీస్తూ, "ఆవిడ అడిగింది తప్పేమీ కాదు సిస్టర్. నాకే సమాధానం తెలియలేదు, అదీ నా బాధ" అన్నారు.

ఆ తర్వాతి ఆదివారమే మల్లేశం వచ్చాడు. అలవాటు ప్రకారం మంచమెక్కి చెయ్యి చాపాడు.

"సీస పెట్టను మల్లేశన్నా. ముందుగాల డాక్టర్ సార్ సూడాలె. ఎందుకో రాయాలె" అన్నాను.

"ఇన్నొద్దుల్లేని కాయిదాలు ఇప్పుడెందుకు సిస్టర్? జల్ది పెట్టు, పోవాలె."

"రాయంది పెట్టను."

లేచి కూర్చున్నాడు. ఏడాదిలో అతని గొంతు పెరగడం అదే మొదటిసారి. "ఎదురుంగ పోతే ఐదు నిమిషాలల్ల పెడ్తడు. నాకు రేపు బలం గావాలె సిస్టర్. రేపు మా సార్ నా పని సూస్తనన్నడు. నా పీసులల్ల గరుకు ఉంటుందని కొన్న కంపెనీల నుంచి వాపస్ వస్తున్నయి. గిట్లనే ఉంటే లేత్ మీదికెళ్లి తీసి గేటు కాడ కూసోవెడ్తరంట. పందొమ్మిదేండ్లు టర్నర్ పని జేసి గేటు కాడ కూసోవాల్నా?"

"గరుకెందుకుంటుంది? నువ్వు సూస్కోవా?"

"కండ్లతోని కాదు సిస్టర్, బొటనేలుతోని సూస్తం. ఇట్ల రాసి సూస్తే తెల్వాలె. ఇప్పుడు తెలుస్తలేదు. చెయ్యి నాది గానట్టే ఉన్నది."

అప్పుడు వెలిగింది నాకు. ఒంటి చెప్పు గుర్తొచ్చింది. రక్తం కడ్డీ మీద పడేదాకా తెలియని గాయం గుర్తొచ్చింది. "అన్నా, పది నిమిషాలు. నా మీద నమ్మకముంటే పది నిమిషాలు కూసో. సార్ సూసినంక గూడ నీకు ఎదురు సందుకు పోవాలనిపిస్తే నేనే తోల్కపోతా" అని బతిమాలాను. అతను మంచం మీది నుంచి దిగలేదు. అదే పదివేలనుకుని ఓపీ గదికి పరుగెత్తాను.

డాక్టరు గారు అతన్ని గదిలోకి పిలిపించి నాలుక చాపమన్నారు. ఎర్రగా, నున్నగా ఉంది. కారం తింటే మండుతోందా అంటే ఏడాదిగా మండుతోందన్నాడు. తర్వాత ఆయన బల్ల సొరుగంతా వెతికి ట్యూనింగ్ ఫోర్క్ తీశారు. మోగిస్తే సన్నగా కంపించే రెండు కాళ్ల ఇనుప కడ్డీ అది. నరాలకు స్పర్శ తెలుస్తోందో లేదో చూడటానికి వాడతారు. నేను ఆ ఆసుపత్రిలో చేరాక దాన్ని బయటికి తీయడం చూడలేదు. చీలమండ మీద పెట్టి, "జుమ్మంటోందా మల్లేశం?" అని అడిగారు.

"ఏం లేదు సార్."

"మోకాలి మీద?"

"జరంత."

"లేచి నిలబడు. కాళ్లు దగ్గరికి పెట్టు. ఇప్పుడు కళ్లు మూసుకో."

కళ్లు మూసుకున్న మరుక్షణం మల్లేశం పక్కకు ఒరిగాడు. ఇద్దరం పట్టుకోకపోతే బల్ల మీద పడేవాడు. "పొద్దుగాల మొఖం కడుగుతుంటే గూడ గిట్లనే అయితది సార్. నీరసమనుకున్న" అన్నాడు.

ఆ రోజు సీసా పెట్టలేదు. రక్తం తీసి పంపించాం. రిపోర్టులో రక్తం తక్కువగా ఉంది, కణాలు ఉండాల్సినదానికన్నా పెద్దవిగా ఉన్నాయి. కణాలు అలా ఉంటే బి-ట్వెల్వ్ అనే విటమిన్ ఎంతుందో చూడాలట, ఆ పరీక్షకు అప్పట్లో రక్తం సిటీ ల్యాబుకు పంపాల్సి వచ్చేది. నాలుగు రోజులకు ఫలితం వచ్చింది. ఉండాల్సినదాంట్లో పావు వంతు కూడా లేదు. నీసు, గుడ్డు మానేసి ఏడేళ్లు, పాలు అలవాటు లేదు, పైగా షిఫ్టుల్లో వేళకు తినక కడుపులో మంటకు ఏళ్లుగా మింగుతున్న మాత్రలు. అన్నీ కలిసి ఒంట్లో ఉన్న నిల్వ కాస్తా అరిగిపోయిందని డాక్టరు గారు చెప్పారు. బి-ట్వెల్వ్ లేకపోతే స్పర్శను మోసే నరాల మీది పొర దెబ్బతింటుందట.

"మనం పెట్టిన సీసాల్లో విటమిన్లన్నీ ఉన్నాయి కదా సార్?" అన్నాను. అప్పటికీ నా ఆశ అది.

ఆయన లేచి ట్రేలోంచి ఎమ్‌వీఐ తీసి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, లేబుల్ మీది చిన్న అక్షరాలు పైకి చదివారు. ఎ ఉంది. బి-వన్ ఉంది. బి-టూ ఉంది, పసుపు రంగు దానిదే. బి-సిక్స్, సి, డి, ఇ ఉన్నాయి. బి-ట్వెల్వ్ లేదు. ఆయన మళ్లీ మొదటి నుంచి చదివారు. మళ్లీ లేదు.

"ఇరవై ఆరు పెట్టాం సిస్టర్. అతనికి కావలసింది ఒక్కదాంట్లో కూడా లేదు" అన్నారు. నేను స్టోర్ రూమ్‌లోకి వెళ్లి కాసేపు ఏడ్చాను. ఆ సీసా కొన్ని వందలసార్లు నా చేతుల్లోంచి వెళ్లింది. గడువు తేదీ చూశాను, రంగు చూశాను. లోపల ఏముందో ఒక్కనాడూ చదవలేదు.

మల్లేశానికి విషయం చెప్పినప్పుడు అతని భార్య యాదమ్మ కూడా వచ్చింది. అంతా విని, "మా తమ్ముడు ముందే అన్నడు సిస్టర్, పాయ తాగు, కారిజం తిను, లేసి ఉరుకుతవని. ఈన వినడు" అంది. మేక కాళ్ల పులుసు, కాలేయం మాట వినగానే మల్లేశం పూసల మీద చెయ్యి వేసుకున్నాడు. "గేటు కాడ కూసుంట గని కంఠి తియ్య" అన్నాడు. అతని ముఖం చూస్తే అన్నంత పనీ చేసేటట్టే ఉన్నాడు.

"ఎవరు తీయమన్నారయ్యా?" అన్నారు డాక్టరు గారు. "దీనికి ఇంజెక్షన్ ఉంది. కంఠి కంఠిదే, వైద్యం వైద్యానిదే."

ఎర్రటి మందున్న చిన్న గాజు ఆంప్యూల్ తెచ్చాను. అతను దాన్ని అనుమానంగా చూశాడు. "దీంట్ల నీసు ఉన్నదా సార్?" డాక్టరు గారు నవ్వలేదు. మందుల కంపెనీ ప్రతినిధికి అక్కడే ఫోన్ చేసి కనుక్కున్నారు. "లేదు. పాలు తోడుకుని పెరుగైనట్టు, కంటికి కనబడని క్రిములతో పులియబెట్టి చేస్తారట. మాంసం లేదు."

అప్పుడు మల్లేశం చొక్కా చెయ్యి పైకి మడిచాడు. సూది గుచ్చాక కూడా నమ్మకం కుదరలేదు. "గంత పెద్ద సీసతోని కానిది గింత చిన్న సూదితోని అయితదా?"

"అయితదో కాదో నేనూ సూడాలె అన్నా" అన్నాను. నిజమే చెప్పాను. ఆలస్యమైంది కాబట్టి స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చని డాక్టరు గారు ముందే చెప్పారు. ఆ మాట అతని దగ్గరా దాచలేదు.

రోజు విడిచి రోజు ఇంజెక్షన్, తర్వాత వారానికోటి. పదిరోజుల్లో నాలుక మంట పోయింది. నెలకు ముఖంలో కళ వచ్చింది. చేతులు, కాళ్లు మాత్రం మొండికేశాయి. ఫ్యాక్టరీ యజమాని అతన్ని గేటు దగ్గరే కూర్చోబెట్టాడు. కాకపోతే డాక్టరు గారు రాసిచ్చిన చీటీ చూసి, ఆర్నెల్లు ఆగుతానని మాటిచ్చాడు. మల్లేశం ఒక బోల్టు జేబులో వేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. ఇంజెక్షన్‌కు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని దాని మీద బొటనవేలు రాసి, "ఇంక తెలుస్తలేదు" అనేవాడు. మార్చిలో అదే మాట. ఏప్రిల్‌లో అదే మాట. వింటున్న నాకే ధైర్యం చాలేది కాదు. "నీకేం ఫికర్, మెల్లగ వస్తది" అని పైకి అంటూ లోపల మొక్కుకునేదాన్ని.

ఈలోగా మా రిజిస్టర్ గడి నిండుతూ వచ్చింది. ఆదివారాలు సీసాలు సగానికి తగ్గాయి. కారణం రాయాలంటే మనిషిని చూడాలి కదా, చూస్తే కారణాలు దొరికాయి. ఒకామెకు థైరాయిడ్, ఒకాయనకు షుగర్, ఇద్దరు ముగ్గురికి ఉత్త నిద్రలేమి. ఆ లేడీ డాక్టరు గారు మళ్లీ వచ్చి రిజిస్టర్ చూసి, సంతకం పెట్టి రిజిస్ట్రేషన్‌కు పంపించారు. మల్లేశం సంగతి చెప్పాను. "మీరు ఆ పది నిమిషాలు కూర్చోబెట్టారు చూడండి, అదే వైద్యం" అన్నారు. ఆవిణ్ణి తిట్టినందుకు మనసులో చెంపలేసుకున్నాను.

వానలు మొదలైన కొత్తలో మల్లేశం ఇంజెక్షన్ రోజు కాకపోయినా వచ్చాడు. వాకిట్లోంచే బోల్టు పైకెత్తి చూపిస్తూ వచ్చాడు. "సిస్టర్, జర ఈడ సూడున్రి. ఈ అంచు మీద గరుకు." నేను వేలు పెట్టి చూశాను. నాకేమీ తెలియలేదు. కళ్లజోడు పెట్టుకుని వెలుతురులో చూస్తే వెంట్రుకంత గీత కనబడింది. "నాకు తెల్సింది! కండ్లు మూసుకోని సూసిన, తెల్సింది!" అన్నాడు. నలభై దాటిన ఆ మనిషి నవ్వుతూనే ఏడ్చాడు. నేనూ అంతే. పాదాల్లో కాస్త తిమ్మిరి మాత్రం అతనికి ఎప్పటికీ ఉండిపోయింది. చేతుల్లో స్పర్శ తిరిగొచ్చింది. మరుసటి వారం లేత్ ఎక్కాడు.

2013లో, ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో, అక్కడొక కొత్త క్లినిక్‌వాళ్లు నన్ను ఉద్యోగానికి పిలిచారు. సోఫాలు, ఏసీ, సన్నటి సంగీతం. ఒక్కో సోఫా పక్కన ఒక్కో సీసా స్టాండు. ఒంటి నిగారింపుకు ఒక సీసా, బడలికకు ఒక సీసా, జుట్టుకు ఒకటి. హోటల్లోలాగా ఒక మెనూ కార్డు. చూడగానే మా ఆదివారాలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. మేనేజరు కుర్రతనం పోని మనిషి, మర్యాదస్తుడు.

"ఆర్డరు ఎవరు రాస్తారు బాబూ?" అని అడిగాను.

"కస్టమరే కార్డులో టిక్ పెడతారండి. డాక్టరు గారు వారానికి రెండుసార్లు వచ్చి సంతకాలు చేస్తారు. అయినా విటమిన్లే కదా మేడమ్. మీకు ఐవీ విటమిన్లలో అనుభవం ఉందని విన్నాం?"

"ఉంది. ఒకే మనిషికి ఇరవై ఆరు సీసాలు తప్పుగా ఎక్కించిన అనుభవం ఉంది" అన్నాను.

అతను పెన్ను కింద పెట్టాడు. మొత్తం చెప్పాను. మధ్యలో ఫోన్ మోగినా తీయలేదు. చివరికి, "ఇప్పుడాయన ఎలా ఉన్నారు?" అని అడిగాడు.

గోడ గడియారం వైపు చూశాను. పదకొండు కావస్తోంది. "ఈపాటికి మల్లాపూర్‌లో లేత్ మీద ఉంటాడు. ఈ వారం ఫస్ట్ షిఫ్ట్."

ఆ ఉద్యోగంలో నేను చేరలేదు. వారం తర్వాత అతనే ఫోన్ చేశాడు. రోజూ పొద్దున ఉండే డాక్టరును పెట్టుకున్నామని, మెనూ కార్డు తీసేసి ఫారం ఒకటి తయారుచేస్తున్నామని, అందులో ఏమేం ఉండాలో చెప్పమని అడిగాడు. ఎమర్జెన్సీ ట్రే సోఫాల పక్కనే ఉండాలని, దానికి తాళం వేయొద్దని ముందు చెప్పాను. తర్వాత ఫారం సంగతి చెప్పాను.

"మొదటి గడిలో పేరు రాయించు. రెండో గడిలో ఎందుకో డాక్టరు చేత్తో రాయించు. ఆ రెండో గడి ఖాళీగా ఉంటే, చాపిన చెయ్యి ఎంత పెద్దవాళ్లదైనా సరే, సీసా మూత తీయొద్దు."